స్టీమ్ డెక్ 256 జీబీ: ఏ గేములు పెట్టుకోవాలి, ఏ కార్డు కొనాలి

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి అదేంటో రెండు ముక్కల్లో చెప్తాను. మీ మామయ్య అమెరికా నుంచి వస్తూ, వాల్వ్ కంపెనీ వాళ్ళ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మిషన్ స్టీమ్ డెక్ 256 జీబీ ఎల్‌సీడీ మోడల్ తెచ్చిచ్చారు. నువ్వు చిత్తూరులో ఉంటూ రోజూ బస్సులో తిరుపతికి డ్యూటీకి వచ్చిపోతున్నావు. చేతిలో ఎనిమిది వేలున్నాయి, దాంతో 1 టీబీ మెమరీ కార్డు కొనాలా లేక లోపల గేములు దాచుకునే ఎస్‌ఎస్‌డీ ముక్కనే మార్పించాలా అని నీ సందేహం. పన్నెండు గేముల పేర్లు కూడా రాసి "ఇవన్నీ పడతాయా అన్నా" అన్నావు. చివర్లో మీ అక్క కొడుక్కి నింటెండో వాళ్ళ స్విచ్ 2 గేమ్ మిషన్ కొంటే ఈ కార్డే దానికీ పనికొస్తుందా అని ఇంకో ప్రశ్న తగిలించావు.

నేను తిరుపతిలో ల్యాప్‌టాప్‌లు, కన్సోళ్ళు బాగుచేసే పనిలో ఉన్నాను. ఈ చేతిలో పట్టుకుని ఆడే మిషన్లు ఇప్పుడు బాగానే వస్తున్నాయి నా టేబుల్ మీదికి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒకటే: ముందు పెద్ద కార్డు కొనేస్తారు, తర్వాత దాన్ని నింపడానికి గేములు వెతుక్కుంటారు. నువ్వు తిరగేసి ఆలోచించు. ఏం ఆడతావో, ఎక్కడ ఆడతావో తేలితే ఎంత జాగా కావాలో దానంతటదే తేలుతుంది. నీ విషయంలో 1 టీబీ అవసరం లేదు, ఎస్‌ఎస్‌డీ మార్పించే అవసరం ఇప్పట్లో అసలే లేదు. ఎందుకో చెప్తాను.

నీ జాబితా చూద్దాం. వాలొరెంట్, ఎఫ్‌సీ 25, జీటీఏ ఆన్‌లైన్, బీజీఎంఐ: ఈ నాలుగూ కొట్టేయ్. డెక్‌లో ఉండేది విండోస్ కాదు, స్టీమ్‌ఓఎస్ అని లినక్స్ మీద కట్టిన సిస్టమ్. విండోస్ గేములని ప్రోటాన్ అనే పొర ద్వారా దాని మీద నడుపుతుంది. ఆశ్చర్యంగా చాలా గేములు బాగా నడుస్తాయి. ఆగిపోయేది ఎక్కడంటే యాంటీ చీట్ దగ్గర. ఆన్‌లైన్ పోటీ గేములు మోసగాళ్ళని పట్టుకోవడానికి విండోస్ లోతుల్లోకి వెళ్ళి కూర్చునే సాఫ్ట్‌వేర్ వాడతాయి, దానికి లినక్స్‌లో చోటు లేదు. వాలొరెంట్ అందుకే రాదు. ఎఫ్‌సీ 25 కూడా ఈఏ వాళ్ళ యాంటీ చీట్ వల్లే తెరుచుకోదు. జీటీఏ 5 కథ మాత్రం హాయిగా ఆడుకోవచ్చు, కానీ 2024 సెప్టెంబర్‌లో దాని ఆన్‌లైన్ భాగానికి బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ పెట్టిన దగ్గర్నుంచీ డెక్‌లో ఆన్‌లైన్ పోయింది. ఏపెక్స్ లెజెండ్స్ కూడా అదే ఏడాది చివర్లో లినక్స్‌ని వదిలేసింది. ఒకప్పుడు ఆడింది కదా అని పాత వీడియోలు చూసి కొనేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఇక బీజీఎంఐ ఫోన్ గేము, దాని కోసం ఫోనే ఉంది నీ జేబులో.

"విండోస్ ఎక్కించుకోవచ్చు కదా" అంటావు. ఎక్కించుకోవచ్చు, వాల్వ్ వాళ్ళే డ్రైవర్లు ఇచ్చారు. కానీ 256 జీబీలో విండోస్‌కి చోటిచ్చి, పవర్ బటన్ నొక్కితే టక్కున నిద్రపోయి నొక్కితే టక్కున లేచే సౌకర్యాన్ని పోగొట్టుకుని, రెండు గేముల కోసం ఆ తలనొప్పి దేనికి? బస్సులో ఆడేవాడికి ఆ నిద్ర బటనే ప్రాణం.

ఏదైనా గేము కొనే ముందు స్టీమ్ (వాల్వ్ వాళ్ళ ఆన్‌లైన్ గేముల దుకాణం) పేజీలో డెక్ గుర్తు చూడు. ఆకుపచ్చ టిక్ ఉంటే వెరిఫైడ్, పసుపు ఉంటే ఆడొచ్చు గానీ ఏదో చిన్న ఇబ్బంది ఉంటుంది. అక్షరాలు మరీ చిన్నగా ఉండడమో, మొదట్లో ఒక లాంచర్ తెరుచుకుని వేలితో నొక్కాల్సి రావడమో అన్నమాట. పసుపు చూసి భయపడక్కర్లేదు. ఆకుపచ్చ ఉందని సాఫీగా పరుగెడుతుందనీ అనుకోవద్దు, ఆడటానికి పనికొస్తుందని మాత్రమే దానర్థం. అసలు సంగతి తెలియాలంటే ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఆ గేము పేరు కొట్టు, ఆడినవాళ్ళు ఏ సెట్టింగుల్లో ఎలా నడిచిందో రాస్తారు. అప్పటికీ అనుమానం ఉంటే కొని చూడు: కొన్న పద్నాలుగు రోజుల్లోపు, ఆట రెండు గంటలు దాటకముందే అడిగితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. మన రూపాయల్లోనే ధర, యూపీఐతోనే కట్టొచ్చు కాబట్టి ఆ విషయంలో టెన్షన్ లేదు.

మిగిలినవి ఎనిమిది. అందులో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, బాల్డర్స్ గేట్ 3 కూడా 150. ఫోర్జా హొరైజన్ 5కి 110, సైబర్‌పంక్‌కి 70, ఎల్డెన్ రింగ్‌కి 60, విచర్ 3కి 50. కూడితే 590 అయింది. 1 టీబీ కావాలని నీకెందుకు అనిపించిందో ఇప్పుడు అర్థమైంది. కానీ ఒక్కసారి గంటల లెక్క చూడు. విచర్ 3లో పక్క దారులు పట్టకుండా కథ ఒక్కటే పూర్తి చేయాలన్నా యాభై గంటలు పడుతుంది. ఎల్డెన్ రింగ్, రెడ్ డెడ్, బాల్డర్స్ గేట్ కూడా దానికి తక్కువేం కాదు, ఎక్కువే. డ్యూటీ చేసి, బస్సు దిగి, భోంచేసి, ఇంట్లో మాటలయ్యాక వారానికి ఎన్ని గంటలు మిగులుతాయి నీకు? ఒక్క పెద్ద గేముకే రెండు మూడు నెలలు పడుతుంది. ఇంక ఆ మిగతా అయిదూ కార్డులో కూర్చుని ఏం చేస్తాయి? వారానికోసారి అప్‌డేట్ అడుగుతాయి, అంతే.

అందుకని పద్ధతి ఇది: ఒకసారికి ఒక్క పెద్ద గేము, అది ఇంటికి. పక్కన ఓ అరడజను చిన్న గేములు, అవి బస్సుకి.

బస్సు గేముల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నువ్వు నిజంగా ఎక్కువసేపు ఆడేది అక్కడే. చిత్తూరు నుంచి తిరుపతికి డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది, పోనూ రానూ కలిపితే రోజుకి మూడు నాలుగు గంటలు. సీటు దొరికితేనే. బస్సులో మూడు ఇబ్బందులు. కుదుపు, ఎండ, సిగ్నల్. కుదుపులో గురిపెట్టి కాల్చే గేములు, సెకనులో పదో వంతులో బటన్ నొక్కాల్సిన గేములు ఆడలేవు. చంద్రగిరి దగ్గర బ్రేక్ కొట్టాడంటే బాస్ చేతిలో చచ్చావన్నమాటే. ఎల్డెన్ రింగ్ బస్సులో ఆడొద్దనేది అందుకే, పక్కసీటు పెద్దాయన నీ మాటలు విని లేచి వెళ్ళిపోతాడు. ఫోర్జా కూడా అంతే, ఒకవైపు బస్సు మలుపు, ఇంకోవైపు తెర మీద కారు మలుపు, కొందరికి కడుపులో తిప్పుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే ఎండలో తెర సరిగ్గా కనబడదు, చీకటి గుహల్లో తిరిగే గేము అయితే నీ ముఖమే కనిపిస్తుంది అందులో. అందుకే వెలుతురు రంగులున్నవి, మెల్లగా ఆడుకునేవి, ఎక్కడ ఆపినా నష్టం లేనివి ఎంచుకో.

స్టార్‌డ్యూ వ్యాలీ నీ జాబితాలో ఉంది, అది ఉంచు. అర జీబీ కూడా గట్టిగా ఉండదు. పొలం దున్నడం, నీళ్ళు పోయడం, చేపలు పట్టడం, గేములో ఒక రోజు మనకి పావుగంట లోపే. ఓ నాలుగు రోజుల సాగు అయ్యేసరికి బస్సు సగం దూరం వచ్చేస్తుంది. హేడీస్ కూడా మంచిదే, పదిహేను జీబీ అడుగుతుంది, ఒక్కో విడత అరగంట, కాకపోతే వేళ్ళకి పని ఎక్కువ కాబట్టి రోడ్డు బాగున్నచోట ఆడుకో. నీ జాబితాలో లేనివి రెండు చెప్తాను: స్లే ద స్పైర్, బలాట్రో. రెండూ పేకముక్కల లెక్కలో నడిచేవే. నువ్వు ఆలోచించి ముక్క వేసేదాకా గేము నీ కోసం ఆగుతుంది. కండక్టర్ వచ్చి చిల్లర అడిగినా, పక్కన ఎవరైనా దిగడానికి లేచినా, ఏమీ పోదు. రెండూ కలిపినా రెండు జీబీ దాటవు. వాంపైర్ సర్వైవర్స్ ఒక బొటనవేలుతో ఆడేయొచ్చు, ఒక విడత అరగంటకి ముగుస్తుంది. ఇవన్నీ, పైన హాలో నైట్, సెలెస్ట్ లాంటివి రెండు వేసుకున్నా ముప్పై జీబీ అటూ ఇటూ. అర్థమైందా, నువ్వు రోజూ ఆడేదానికి కావలసిన జాగా ముప్పై జీబీ.

ఇంకో లాభం బ్యాటరీది. నీ ఎల్‌సీడీ మోడల్‌లో 40 వాట్‌అవర్ బ్యాటరీ ఉంటుంది. వాల్వ్ చెప్పిన లెక్క రెండు నుంచి ఎనిమిది గంటలు. సైబర్‌పంక్ లాంటివి ఆ రెండు వైపు, బలాట్రో లాంటివి ఆ ఎనిమిది వైపు. పెద్ద గేము పెట్టుకుని పొద్దున బస్సెక్కితే తిరుపతి బస్టాండులో దిగేలోపే ఎర్రగీత కనిపిస్తుంది, సాయంత్రానికి ఏమీ మిగలదు. చిన్న గేములైతే పోనూ రానూ సరిపోయి ఇంకా మిగులుతుంది. మూడు చుక్కల బటన్ నొక్కితే పక్కన మెనూ వస్తుంది, అందులో తెర వేగాన్ని 40కి దించు, తేడా కంటికి పెద్దగా తెలియదు, బ్యాటరీకి తెలుస్తుంది.

సిగ్నల్ సంగతి. బస్సెక్కే ముందు ఇంట్లో వైఫై ఉండగానే కొత్త గేము ఒక్కసారైనా తెరిచి మెయిన్ మెనూ దాకా వెళ్ళు. మొదటిసారి తెరిచినప్పుడు అది కొన్ని ఫైళ్ళు దింపుకుంటుంది, అది జరగకుండా దారిలో తెరిస్తే మొండికేస్తుంది. అలాగే రాత్రి ఆడిన ఆట క్లౌడ్‌లో సేవ్ అయిందో లేదో చూసుకుని అప్పుడు నిద్రపుచ్చు.

ఇప్పుడు స్టోరేజ్‌కి వద్దాం. 256 అని రాసి ఉన్నా నీకు అంత కనబడదు, అది మోసం కాదు. తయారుచేసేవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కపెడతారు, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కపెడుతుంది, దాంతో 256 కాస్తా 238 అవుతుంది. 512 కొంటే 476, 1 టీబీ కొంటే 931. పైగా సిస్టమ్ తన వాటా తాను తీసుకుంటుంది. ఆ తర్వాత కొత్తవాళ్ళని కలవరపెట్టే ఇంకొకటి ఉంది, స్టోరేజ్ పేజీలో "అదర్" అని కనిపించే గీత. నెలలు గడిచేకొద్దీ అది ఉబ్బుతుంది. గేము కార్డు మీద పెట్టినా సరే, దాని షేడర్ క్యాష్ (బొమ్మలు త్వరగా గీయడానికి ముందే సిద్ధం చేసుకున్న ఫైళ్ళు), ప్రోటాన్ తయారుచేసుకునే ఉత్తుత్తి విండోస్ ఫోల్డరు మామూలుగా లోపలి ఎస్‌ఎస్‌డీ మీదే కూర్చుంటాయి. అందుకే లోపల ఎప్పుడూ ఓ ముప్పై నలభై జీబీ ఖాళీగా ఉంచు. 64 జీబీ మోడల్ కొన్నవాళ్ళు దీనితోనే నానా తిప్పలు పడ్డారు, నీకు అంత బాధ లేదు.

కార్డు విషయంలో నా మాట: 512 జీబీ, పేరున్న కంపెనీది, ఒక్కటి. చిన్న కార్డులు మూడు కొని మార్చుకుంటూ ఆడదాం అని కొందరు అంటారు. వేలిగోరు కంటే చిన్న వస్తువు అది, కదిలే బస్సులో సీటు కింద పడిందంటే ఇంక చూడు. ఒకటి పెట్టు, తియ్యకు.

కార్డు మీద రాసిన అంకెల్లో నీకు పనికొచ్చేవి కొన్నే. యూహెచ్‌ఎస్ అని, పక్కన రోమన్ ఒకటి అంకె ఉండాలి. డెక్ స్లాట్ ఆ తరానిదే, దాని గరిష్ఠ వేగం సెకనుకి 104 ఎంబీ. కాబట్టి కార్డు మీద 190, 200 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఆ వేగం వాళ్ళ సొంత రీడర్‌లో పెడితేనే వస్తుంది, నీ డెక్‌లో వంద దగ్గరే ఆగుతుంది. ఆ అంకె కోసం అదనంగా ఇచ్చే ప్రతి రూపాయీ దండగే. యూహెచ్‌ఎస్-2 కార్డు వెనక రెండో వరస పిన్నులు ఉంటాయి, ఆ పిన్నులు తగలడానికి డెక్‌లో ఏమీ లేదు. వీ60, వీ90 అనేవి వీడియో తీసే కెమెరాలకి. ఏ1, ఏ2 అనే గుర్తు మాత్రం చూడు. చిన్న చిన్న ఫైళ్ళని ఎంత చురుగ్గా అందుకుంటుందో చెప్పేది అది: ఏ1 అంటే సెకనుకి కనీసం 1500 సార్లు చదవగలదు, 500 సార్లు రాయగలదు. ఏ2 అంటే 4000, 2000. కాకపోతే ఏ2 పూర్తి సత్తా బయటికి రావాలంటే మిషన్ కూడా దానికి తగ్గట్టు మాట్లాడాలి, అందుకే రెండింటికీ ఒకే ధర ఉంటే ఏ2 తీసుకో, తేడా బాగా ఉంటే ఏ1 చాలు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. దొంగ కార్డులు. 2 టీబీ అయిదారు వందలకి అని ఫోన్‌లో ప్రకటన కనిపిస్తుంది చూడు, దాని లోపల 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది, పైకి మాత్రం 2 టీబీ అని చెప్పేలా దాని బుర్రలో రాసిపెడతారు. మొదటి గేము వేస్తే పడుతుంది, ఆడుతుంది కూడా. రెండోది వేసేసరికి జాగా అయిపోయి, కొత్తదాన్ని పాతదాని మీదే రాసేస్తుంది. అప్పుడు మొదటి గేము తెరిస్తే ఫైళ్ళు చెడిపోయాయని వస్తుంది, మళ్ళీ దింపితే రెండోది చెడుతుంది. నా దగ్గరికి ఒకబ్బాయి డెక్ పాడైందని తీసుకొచ్చాడు, వారంగా గేములు దింపడం, తీసెయ్యడం, దింపడం, అదే పని. పక్కన టేబుల్ మీద కంప్యూటర్‌కి కార్డు తగిలించి పరీక్ష పెడితే 512 అని ఉన్నదాంట్లో 58 జీబీ దాటాక రాసిందేదీ తిరిగి రాలేదు. డెక్ శుభ్రంగా ఉంది. ముద్రణ కూడా అచ్చం అసలుదానిలాగే, భూతద్దం పెట్టి చూస్తే తప్ప అక్షరాల అంచులు పలచబడి ఉన్నట్టు తెలియలేదు.

కాబట్టి బిల్లు ఇచ్చే షాపులో కొను, ఆన్‌లైన్ అయితే అమ్మేవాడి పేరు చూసి కొను. చెన్నై పోయే పనుంటే రిచీ స్ట్రీట్‌లో తక్కువకి వస్తుందని మనవాళ్ళు చాలామంది వెళ్తారు, మంచి షాపులూ ఉన్నాయి అక్కడ, కానీ మూట మీద పరిచి అమ్మేవాడి దగ్గర మెమరీ కార్డు మాత్రం వద్దు. తిరుగు ప్రయాణంలో పుత్తూరు దాటాక గుర్తొస్తే లాభం లేదు. ఎక్కడ కొన్నా ఇంటికొచ్చాక పరీక్ష చెయ్యి. విండోస్ కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత ప్రోగ్రాం, లినక్స్ అయితే ఎఫ్3. కార్డు నిండా ఏదో ఒకటి రాసి, రాసింది తిరిగి చదివి సరిచూస్తుంది. 512కి నాలుగు గంటలు పట్టొచ్చు, రాత్రి పెట్టి పడుకో. పొద్దున ఎర్రర్ చూపిస్తే అదే రోజు వెనక్కిచ్చేయ్, గేములు నింపాక కాదు.

పరీక్ష పాసైతే డెక్‌లో పెట్టి సెట్టింగుల్లో ఫార్మాట్ కొట్టు. అది ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది, ఆ తర్వాత విండోస్‌లో పెడితే "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతుంది. పొరపాటున ఎవరైనా అవునని నొక్కితే అన్నీ పోతాయి, ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచు.

ఏది ఎక్కడ పెట్టాలంటే, ఇంటికి పెట్టుకున్న ఆ ఒక్క పెద్ద గేము లోపలి ఎస్‌ఎస్‌డీలో, మిగతావన్నీ కార్డులో. పెద్ద ప్రపంచాల్లో గుర్రమెక్కి పోతుంటే గేము ముందున్న ఊరిని ఎప్పటికప్పుడు లోడ్ చేస్తూ ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ అయితే ఆ పని సాఫీగా జరుగుతుంది. చిన్న గేములకి కార్డుకీ ఎస్‌ఎస్‌డీకీ తేడా మహా అయితే కొన్ని సెకన్లు. ఇంకో ముఖ్యమైన కారణం అప్‌డేట్లు. స్టీమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు దింపేది రెండు జీబీయే అయినా, ఆ రెండు జీబీ ఏ పెద్ద ఫైలులో కలవాలో దాన్ని మొత్తం కొత్తగా కట్టుకుంటుంది. కాబట్టి ఆ ఫైలంత ఖాళీ జాగా కావాలి, ఆ చదవడం రాయడం అంతా కార్డు మీద జరిగితే గంటలు పడుతుంది. కార్డు ఎప్పుడూ మెడదాకా నింపకు అనేది అందుకే.

పెద్ద గేము అయిపోయాక తీసెయ్యడానికి మనసొప్పదు నీకు, తెలుసు. తీసెయ్. గేము నీ ఖాతాలోనే ఉంటుంది, క్లౌడ్ సేవ్ ఉన్నవాటికి నీ ఆట కూడా అక్కడే భద్రం. మళ్ళీ దింపుకోవడం గురించి భయమైతే దానికీ లెక్కుంది: 100 ఎంబీపీఎస్ లైన్ ఉంటే రెడ్ డెడ్ 150 జీబీ మూడు గంటల ఇరవై నిమిషాల్లో దిగాలి, 40 అయితే ఎనిమిది గంటల పైన, అంటే ఒక రాత్రి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేక రోజుకి 2 జీబీ ఫోన్ డేటాతో లాగుతున్నావంటే మాత్రం ఎల్డెన్ రింగ్‌కే నెల పడుతుంది. అలాంటప్పుడు తిరుపతిలో ఫ్రెండు రూమ్‌లో వాడి కంప్యూటర్‌లో అదే గేము ఉంటే పని సులువు. 2023 నుంచి స్టీమ్‌లో ఒకే వైఫై మీదున్న మిషన్ల మధ్య గేము బదిలీ చేసే సౌకర్యం ఉంది. వాడి సెట్టింగుల్లో ఫ్రెండ్స్‌కి అనుమతి ఇవ్వాలి, గేము నీ ఖాతాలోనూ కొని ఉండాలి. ఇంటర్నెట్ వాడకుండా వాడి దగ్గర్నుంచి నీ డెక్‌కి వచ్చేస్తుంది.

ఎస్‌ఎస్‌డీ మార్పు గురించి. అది ఎం.2 2230 అని బొటనవేలంత ముక్క, ల్యాప్‌టాప్‌లో వేసే పొడుగుది పట్టదు. మార్చడం కుదురుతుంది, నేనూ చేస్తుంటాను. కానీ నీకు ఇప్పుడు వద్దు అంటున్నాను. వెనక మూతకి ఎనిమిది స్క్రూలు, పొడుగువీ పొట్టివీ రెండు రకాలు, ఎల్‌సీడీ మోడల్‌లో అవి నేరుగా ప్లాస్టిక్‌లోకే దిగుతాయి, రెండుసార్లు గట్టిగా తిప్పితే మర పోతుంది. బ్యాటరీ తీగ ఊడదీయాలి, ఎస్‌ఎస్‌డీ మీదున్న రేకు తొడుగు కొత్తదానికి తొడగాలి, పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ మళ్ళీ ఎక్కించాలి. అన్నిటికన్నా ఎక్కువసార్లు జరిగే ప్రమాదం ఏమిటంటే, మెమరీ కార్డు లోపలే ఉంచి మూత లాగుతారు. కార్డు అంచు మూతకి అడ్డంగా ఉంటుంది కాబట్టి సరిగ్గా మధ్యకి టక్కుమని విరుగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, జాగా పెంచుకుందామని కూర్చుని ఉన్న కార్డు పోగొట్టుకుంటారు. ఎప్పుడైనా మార్పించుకుంటే, ఎవరి చేత చేయించినా, ముందు కార్డు నీ చేతులతో తీసి జేబులో పెట్టుకో. ఏడాది వాడాక కూడా జాగా చాలట్లేదనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం.

"మూడు వందలిస్తే కార్డు నిండా గేములు ఎక్కించి ఇస్తా" అనే షాపులు ఉంటాయి. వద్దు. అది దొంగసరుకన్న మాట అటుంచినా, వాటికి క్లౌడ్ సేవ్ ఉండదు, అప్‌డేట్ ఉండదు, ఏ ఫైలులో ఏముందో తెలియదు, అదే డెక్‌లో నీ స్టీమ్ ఖాతా తెరిచి ఉంటుంది. ఏడాదికి నాలుగు పెద్ద సేల్స్ వస్తాయి స్టీమ్‌లో, జూన్ చివర్లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి ఖాయం. నీ జాబితాలో పెద్దవన్నీ పాత గేములే, కొన్ని సగం ధరకీ అంతకన్నా తక్కువకీ దొరుకుతాయి. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే మెయిల్ వస్తుంది. ఎనిమిది వేలలో కార్డు పోను మిగిలేది అందుకు ఉంచు, కావాలంటే 45 వాట్ల సీ టైప్ ఛార్జర్ ఒకటి ఇక్కడే కొనుక్కో, అమెరికా పిన్నుకి రోజూ అడాప్టర్ తగిలించే బాధ తప్పుతుంది.

ఎండ గురించి ఒక్క మాట. డెక్ మంచిగా పనిచేసేది చుట్టూ 35 డిగ్రీల లోపు ఉంటే అని వాల్వ్ వాళ్ళే చెప్పారు. మన దగ్గర మే నెలలో మధ్యాహ్నం బస్సులో ఎంత ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, అది పాడవడం కాదు. వెనకాల గాలి రంధ్రాలు ఒడిలో బ్యాగుకి ఆనకుండా పట్టుకో. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం ఎప్పుడూ వదలకు, బ్యాటరీ ఉబ్బి తెరని పైకి తోసేస్తుంది.

ఇక మీ అక్క కొడుకు స్విచ్ 2. దానికీ దీనికీ కార్డు ఒకటి కాదు. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 గేములకి మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డునే ఒప్పుకుంటుంది. ధర మామూలు కార్డు కంటే బాగా ఎక్కువ. మామూలు కార్డు పెడితే పాత స్విచ్‌లో తీసుకున్న ఫోటోలు, వీడియోలు తెచ్చుకోవడానికి తప్ప దేనికీ వాడనివ్వదు. తిరగేసి ఆ ఖరీదైన ఎక్స్‌ప్రెస్ కార్డు నీ డెక్‌లో పెట్టినా మామూలు వేగమే వస్తుంది. అయితే స్విచ్ 2లో లోపలే 256 జీబీ ఉంటుంది. నింటెండో సొంత గేములు పీసీ గేములంత పెద్దవి కావు, పిల్లవాడు మారియో కార్ట్, జెల్డా లాంటివి రెండు మూడు ఆడతాడంటే మొదటి ఏడాది కార్డే అక్కర్లేదు. పాత స్విచ్ అయితే మోడల్‌ని బట్టి 32 జీబీయో 64 జీబీయో ఉంటుంది కాబట్టి మామూలు 128 కార్డు ఒకటి కావాలి. రెండింటిలోనూ పిల్లాడి ఆట సేవ్ అయ్యేది కార్డులో కాదు, మిషన్ లోపలే. కార్డు పోయినా ఆట పోదు, మిషన్ రీసెట్ కొడితే పోతుంది.

పిల్లలకైతే డౌన్‌లోడ్ కన్నా క్యాసెట్ కొనమంటాను. పూర్తయ్యాక ఇంకొకరికి అమ్మొచ్చు, మార్చుకోవచ్చు. కాకపోతే స్విచ్ 2లో గేమ్ కీ కార్డు అని కొన్ని వస్తున్నాయి, డబ్బా మీద కింది భాగంలో తాళంచెవి బొమ్మ ఉంటుంది. వాటిలో గేము ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది, గేము మొత్తం ఇంటర్నెట్‌లో దింపుకోవాల్సిందే. ఆ బొమ్మ ఉందో లేదో చూసి తీసుకోమని మీ అక్కకి చెప్పు.